పాలపన్ను విరిగితే ఏం చేయాలి: మొదటి పది నిమిషాల నుంచి కొత్త పన్ను వచ్చేదాకా

మా అమ్మాయికి అప్పుడు రెండేళ్ల ఎనిమిది నెలలు. తిరుపతి కొర్లగుంటలో మా ఇంటి ముందు కల్లాపి చల్లి ముగ్గు వేస్తున్నాను. లోపలి నుంచి పరిగెత్తుకుంటూ వచ్చి, తడి గ్రానైట్ మెట్టు మీద జారి, మూతి నేరుగా గడపకు కొట్టుకుంది. ముగ్గు గిన్నె అక్కడే వదిలేసి ఎత్తుకునేసరికి నోరంతా రక్తం. కడిగి చూస్తే పైవరస ముందు పన్ను మూల ఒక ముక్క లేదు.

మా అవ్వ బిడ్డను ఎత్తుకుని వీపు నిమురుతూ, ‘పాలపన్నే కదమ్మీ, ఎట్లాగూ ఊడిపోయేదే’ అంది. ఆ మాటతో నాకూ ధైర్యం వచ్చింది. ఆ ధైర్యంతోనే తర్వాత ఒక తప్పు చేశాను, దాని సంగతి కింద చెప్తాను. అవ్వ మాట అబద్ధం కాదు. కానీ పైన ముందు పళ్లు ఊడేది 6, 7 ఏళ్ల వయసులో. అంటే ఆ పన్ను ఇంకా నాలుగేళ్లు నా కూతురి నోట్లో ఉండాలి. దాని వేరుకు ఆనుకున్నట్టే ఎముక లోపల, రేపు రావలసిన శాశ్వత పన్ను మొగ్గ తయారవుతూ ఉంటుంది. పాలపంటికి తగిలిన దెబ్బ, ఆ తర్వాత పట్టే చీము, రెండూ ఆ మొగ్గ దాకా పోగలవు. ఆ రోజు ఎవరైనా పక్కన కూర్చుని వరసగా చెప్పి ఉంటే బాగుండేది అనుకున్న విషయాలే ఇవి.

ముందు బిడ్డను చూడండి, పన్ను తర్వాత

నోట్లో రక్తం చూడగానే మన కళ్లు పంటి మీదకే పోతాయి. కానీ మూతి నేలకు కొట్టుకుందంటే తలకూ తగిలి ఉండొచ్చు. బిడ్డ ఒక్క క్షణమైనా స్పృహ తప్పిందా, మత్తుగా తూలుతోందా, లేపితే సరిగ్గా లేవడం లేదా, మళ్లీ మళ్లీ వాంతి చేసుకుంటోందా, ఫిట్స్ వచ్చాయా, చెవి నుంచో ముక్కు నుంచో నీళ్లలాంటిది గానీ రక్తం గానీ కారుతోందా చూడండి. వీటిలో ఒక్కటి కనిపించినా పంటి డాక్టర్ కోసం వెతకొద్దు. 108కి ఫోన్ చేయండి, లేదా తిరుపతిలో ఉంటే నేరుగా రుయా ప్రభుత్వ ఆసుపత్రి ఎమర్జెన్సీకి, చిత్తూరులో ఉంటే జిల్లా ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి. కొండ మీద ఉన్నప్పుడు జరిగితే తిరుమలలో అశ్విని ఆసుపత్రి ఉంది.

ఒక విషయం గుర్తుంచుకోండి. రక్తం మింగిన పిల్లలు ఒకసారి వాంతి చేసుకోవడం ఉంటుంది, అందులో రక్తం చారలు కనిపిస్తాయి. దానికి బెదిరిపోవద్దు. రెండోసారి, మూడోసారి కూడా అయితే ఆలస్యం చేయొద్దు.

దవడ సంగతి కూడా ఇప్పుడే చూడండి. ‘పళ్లు గట్టిగా మూయి నాన్నా’ అంటే మామూలుగా మూయగలుగుతోందా? పైపళ్లు, కిందిపళ్లు ఎప్పటిలా కలవకపోతే, లేదా ఒక పన్ను కదిపితే పక్క పళ్లు కూడా కలిసి కదులుతుంటే ఎముకకు దెబ్బ తగిలి ఉండొచ్చు. అది అదే రోజు ఆసుపత్రికి వెళ్లాల్సిన పని.

రక్తం ఆపడం

బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టకండి, రక్తం గొంతులోకి పోతుంది. ఒళ్లో కూర్చోబెట్టుకుని తల కాస్త ముందుకు వంచండి. మామూలు తాగేనీళ్లతో నోరు కడగండి. పుక్కిలించడం రాని వయసైతే తడి గుడ్డతో మెల్లగా తుడవండి. తర్వాత ఉతికిన నూలుగుడ్డ మడత పెట్టి రక్తం వచ్చే చోట అదిమి పట్టుకోండి. గడియారం చూసి 10 నిమిషాలు. మధ్యలో ‘ఆగిందా’ అని గుడ్డ తీసి చూస్తే గడ్డకట్టే రక్తం మళ్లీ రేగుతుంది. నేను ఆ రోజు నిమిషానికోసారి తీసి చూశాను, అందుకే రక్తం ఆగడానికి చాలాసేపు పట్టింది.

పెదవికి, పైపెదవిని చిగురుకు కలిపే సన్నటి పొరకు దెబ్బ తగిలితే రక్తం చాలా ఎక్కువగా కనిపిస్తుంది. ఎంగిలితో కలిసి ఇంకా ఎక్కువ అనిపిస్తుంది. ఆ పొర చిట్లడం చిన్నపిల్లల్లో మామూలే, చాలావరకు కుట్లు లేకుండానే మానిపోతుంది. అదిమి పట్టినా 10, 15 నిమిషాలకు ఆగకపోతే, లేదా పెదవి చర్మం అంచు దాకా చీలి ఉంటే డాక్టర్ చూడాలి.

పెదవి వాపుకు ఐస్‌ముక్కను గుడ్డలో చుట్టి బయటి నుంచి పెట్టండి. రెండు మూడు నిమిషాలు పెట్టి, తీసి, మళ్లీ పెట్టాలి. ఐస్ నేరుగా చర్మానికి తగలకూడదు.

మన ఇళ్లలో ఈపాటికి ఎవరో ఒకరు పసుపు డబ్బానో కాఫీపొడో తెచ్చి ఉంటారు. ప్రేమతోనే తెస్తారు. కానీ విరిగిన పంటి మీద, పచ్చి పుండు మీద పొడులు పెట్టకండి. లవంగం నూనె అసలే వద్దు. పెద్దవాళ్ల పంటి నొప్పికి పనిచేసే ఆ నూనె పసిపిల్లల చిగురును మండించేస్తుంది, మింగితే ప్రమాదం కూడా.

విరిగిన ముక్క ఎక్కడ?

ఈ ప్రశ్న నాకు ఆ రోజు తట్టలేదు. ముక్క దొరకడం రెండు రకాలుగా ముఖ్యం.

మొదటిది, అది ఎక్కడికి పోయిందో తెలియాలి. నేల మీద, బట్టల మీద, బిడ్డ నాలుక కింద చూడండి. మింగేసి ఉంటే మామూలుగా ఏ ఇబ్బందీ లేకుండా మలంలో పోతుంది. ఊపిరితిత్తుల్లోకి పోతేనే కష్టం. దెబ్బ తగిలినప్పటి నుంచి ఆగని దగ్గు, ఊపిరి తీస్తుంటే పిల్లికూత, గొంతు మారడం ఉంటే వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి, ఛాతీ ఎక్స్‌రే అవసరం పడొచ్చు. ఇంకోటి చాలామందికి తెలియదు: పెదవి చీలి, వాచి, ముక్క కనిపించకపోతే, ఆ ముక్క పెదవి లోపలే ఇరుక్కుని ఉండొచ్చు. ‘ముక్క దొరకలేదు, పెదవి వాచింది’ అని డాక్టర్‌తో నోరు తెరిచి చెప్పండి. పెదవికి చిన్న ఎక్స్‌రే తీసి చూస్తారు.

రెండోది, అది శాశ్వత పన్ను ముక్క అయితే చాలాసార్లు తిరిగి అదే చోట అతికించవచ్చు. పాలపంటి ముక్క చిన్నది కాబట్టి అతికించడం తక్కువ, అయినా తీసుకెళ్లండి, ఎంత విరిగిందో డాక్టర్‌కు తెలుస్తుంది. ఎండిపోతే ముక్క రంగు మారుతుంది, అందుకే కాచి చల్లార్చిన పాలలోనో, లేకపోతే నీళ్లలోనో వేసి చిన్న డబ్బాలో మూత పెట్టండి. మన వైపు ఊడిన పాలపన్నును పేడముద్దలో పెట్టి మిద్దె మీదికి విసరడం అలవాటు. విరిగిన ముక్క విషయంలో ఆ ముచ్చట పక్కన పెట్టండి, ముందు డాక్టర్‌కు చూపించాలి.

ఫోన్ టార్చ్ పెట్టి పన్నును చూడటం

ఏడుపు కాస్త తగ్గాక, ఇంట్లో ఇంకొకరిని పిలవండి. ఇద్దరూ మోకాళ్లు మోకాళ్లు తగిలేలా ఎదురెదురుగా కూర్చోండి. బిడ్డ నడుము చుట్టూ ఒకరు చేతులు వేసి పట్టుకుంటే, తల ఇంకొకరి ఒళ్లో వాలుతుంది. పిల్లల పళ్ల డాక్టర్లు కూడా ఇలాగే చూస్తారు. అమ్మ ముఖం కనిపిస్తుంటే పిల్లలు త్వరగా కుదురుకుంటారు. చేతులు కడుక్కుని, పైపెదవి మెల్లగా ఎత్తి, టార్చ్ పక్క నుంచి వేయండి.

చూడాల్సింది విరిగిన చోట రంగు. అంతా తెల్లగా, కొంచెం గరుకుగా ఉంటే పైపొర ఎనామిల్ మాత్రమే విరిగింది. ఇది అన్నిటికంటే చిన్న దెబ్బ. నొప్పి ఉండదు, అంచు మాత్రం నాలుకకో పెదవికో గీసుకుంటుంది. మధ్యలో లేత పసుపు రంగు కనిపిస్తే లోపలి పొర డెంటిన్ బయటపడింది. చల్లనీళ్లు, గాలి తగిలితే జివ్వుమంటుంది. చిన్నపిల్లలు చెప్పలేరు కాబట్టి ‘పాలు తాగనంటోంది, ముందు పళ్లతో కొరకనంటోంది’ అనే రూపంలో మనకు తెలుస్తుంది. ఇక విరిగిన చోట మధ్యలో ఎర్రటి చుక్క గానీ, గులాబీ రంగు మచ్చ గానీ, అక్కడి నుంచే ఊరుతున్న రక్తం గానీ కనిపిస్తే పంటి లోపలి నరం బయటపడిందని అర్థం. ఇది అదే రోజు చూపించాలి.

విరుగు ఎంత ఉందో చూసిన తర్వాత పన్ను నిలబడిన తీరు చూడండి. పక్క పన్నుతో పోలిస్తే లోపలికి వంగిందా, బయటికి వచ్చిందా, పొట్టిగా కనిపిస్తోందా? పొట్టిగా కనిపించే పన్ను ఒక్కోసారి విరిగింది కాదు, చిగురులోకి దిగబడింది. వేలితో లాగి సరిచేయాలని చూడకండి. అలా దిగబడిన పాలపళ్లు చాలావరకు కొన్ని నెలల్లో వాటంతట అవే మళ్లీ కిందికి వస్తాయి, కానీ ఎక్స్‌రే తీసి అది లోపలి మొగ్గ వైపు పోలేదని డాక్టర్ తేల్చాలి. చూసినంత సేపట్లో ఒక ఫోటో తీసి పెట్టుకోండి. తర్వాత నెలల్లో రంగు మారిందా లేదా పోల్చి చూడటానికి ఆ ఫోటో నాకు చాలా పనికొచ్చింది.

6, 7 ఏళ్ల పిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. కొత్తగా వచ్చిన శాశ్వత ముందు పళ్ల అంచు రంపంలా మూడు చిన్న గుబ్బలతో ఉంటుంది. అది విరగడం కాదు, పుట్టుకతో వచ్చే ఆకారమే, నములుతూ ఉంటే అరిగిపోతుంది. పన్ను పెద్దదిగా, పాలపళ్ల కంటే కాస్త పసుపుగా ఉంటే అది శాశ్వత పన్ను అని గుర్తు.

ఎంత తొందరగా వెళ్లాలి

ఎర్రచుక్క కనిపించినా, పన్ను బాగా కదులుతున్నా, చోటు మారినా, నోరు సరిగ్గా మూతపడకపోయినా అదే రోజు, రాత్రయినా సరే. పసుపు రంగు కనిపించి బిడ్డ తిండికి ఇబ్బంది పడుతుంటే మర్నాటికల్లా. తెల్లటి చిన్న మూల మాత్రమే విరిగి బిడ్డ ఆడుకుంటూ ఉంటే రెండు మూడు రోజుల్లో. కానీ చిన్నదైనా ఒక్కసారి మాత్రం చూపించాలి. పైన కనిపించే విరుగు చిన్నగా ఉన్నా వేరు లోపల ఎంత దెబ్బ తగిలిందో ఇంట్లో కూర్చుని తెలియదు.

శాశ్వత పన్ను విరిగితే ఈ లెక్కలన్నీ ఒక మెట్టు పైకి జరపండి. అది మళ్లీ రాదు. కొత్తగా వచ్చిన పన్ను వేరు పూర్తిగా తయారవడానికి సుమారు మూడేళ్లు పడుతుంది, అప్పటిదాకా లోపలి నరం బతికి ఉంటేనే వేరు పెరుగుతుంది. అందుకే 7, 8 ఏళ్ల పిల్లల్లో నరం బయటపడితే డాక్టర్లు దాన్ని పూర్తిగా తీసేయకుండా, పైభాగం మాత్రం శుభ్రం చేసి మందు వేసి కాపాడాలని చూస్తారు. తొందరగా వెళ్తే అది కుదిరే అవకాశం ఎక్కువ.

ఎక్కడికి? పిల్లల పళ్లకే ప్రత్యేకంగా చదివిన డాక్టర్లను పీడోడాంటిస్టులు అంటారు, బోర్డు మీద ఎండీఎస్ పక్కన ఆ మాట ఉంటుంది. దగ్గరలో లేకపోతే మామూలు పంటి డాక్టర్ కూడా ఈ దెబ్బలు చూడగలరు. తిరుపతిలో రేణిగుంట రోడ్డులో డెంటల్ కాలేజీ ఉంది. డెంటల్ కాలేజీల్లో పిల్లల పళ్ల విభాగం విడిగా ఉంటుంది. చిత్తూరు, పుత్తూరు వైపు నుంచి వచ్చేవాళ్లు బయల్దేరే ముందు ఫోన్ చేసి ఆ రోజు పిల్లల పళ్ల డాక్టర్ ఉంటారో లేదో కనుక్కోండి. చిత్తూరు నుంచి తిరుపతికి 70 కిలోమీటర్ల దాకా ఉంటుంది, ఏడ్చే బిడ్డతో అంతదూరం వచ్చి ఉత్తచేతులతో తిరిగి వెళ్లడం కష్టం.

పన్ను మొత్తం ఊడొస్తే

ఇక్కడ పాలపన్నుకూ శాశ్వత పన్నుకూ చేయాల్సింది పూర్తిగా ఎదురు. పాలపన్ను ఊడిపోతే తిరిగి గుంటలో పెట్టకూడదు. అలా తోస్తే లోపలి మొగ్గకు దెబ్బ. ఊడిన పన్నును డాక్టర్‌కు చూపించి, వేరు ముక్క లోపల ఉండిపోలేదని నిర్ధారణ చేసుకుంటే చాలు.

శాశ్వత పన్ను అయితే ప్రతి నిమిషం విలువైనదే. నోట్లో కనిపించే తెల్లటి భాగాన్ని పట్టుకుని ఎత్తండి, వేరును తాకొద్దు, రుద్దొద్దు, సబ్బు వద్దు. మట్టి అంటితే పాలతోనో సెలైన్‌తోనో కొన్ని సెకన్లు కడిగి, పిల్లవాడు కుదురుగా ఉంటే అదే గుంటలో సరైన వైపు తిప్పి పెట్టి, మెత్తటి గుడ్డను కొరికి పట్టుకోమనండి. అలా పెట్టలేకపోతే పాలలో వేయండి. నీళ్లలో నిల్వ ఉంచకూడదు, పొడిగా గుడ్డలో చుట్టి తీసుకెళ్లకూడదు. అరగంటలోపు డాక్టర్ దగ్గర ఉండేలా చూడండి, గంట దాటితే పన్ను నిలిచే అవకాశం బాగా తగ్గిపోతుంది. పాలు లేని ఇల్లు, టీకొట్టు లేని వీధి మన ఊళ్లలో ఉండదు కాబట్టి ఈ ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు.

నొప్పి మందు, సీసా మీద అంకె

నొప్పికి పారాసెటమాల్ సరిపోతుంది. బరువును బట్టి, కిలోకు ఒక్కో మోతాదులో 10 నుంచి 15 మిల్లీగ్రాములు, ఆరు గంటలకు ఒకసారి, రోజుకు నాలుగు సార్లకు మించకూడదు. ఇందులో జాగ్రత్త పడాల్సింది ఒకటుంది. మన మందుల షాపుల్లో ఈ సిరప్ 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములది ఒకటి, 250ది ఒకటి దొరుకుతాయి. చంటిపిల్లల చుక్కల మందైతే ఒక్క మిల్లీలీటరులోనే 100 ఉంటుంది. 12 కిలోల బిడ్డకు 120 నుంచి 180 మిల్లీగ్రాములు కావాలి. 120 సిరప్ అయితే 5 నుంచి 7.5 మిల్లీలీటర్లు, 250 సిరప్ అయితే రెండున్నర నుంచి మూడున్నర మాత్రమే. పోయినసారి జ్వరానికి ఎంత పోశామో గుర్తుపెట్టుకుని అంతే పోయకండి, చేతిలో ఉన్న సీసా లేబుల్ చదవండి. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదు. ఇంట్లో మిగిలిపోయిన యాంటీబయాటిక్ కూడా వద్దు, మామూలుగా విరిగిన పంటికి దాని అవసరం ఉండదు.

బయట మట్టిలో పడి పెదవి చీలి ఉంటే టీకా కార్డు తీసుకెళ్లండి. ధనుర్వాతం టీకా కలిసిన బూస్టర్లు 16 నుంచి 24 నెలల మధ్య ఒకటి, 5, 6 ఏళ్లకు ఒకటి ఉంటాయి. అవి తప్పిపోయాయేమో డాక్టర్ చూస్తారు.

డాక్టర్ దగ్గర

బయల్దేరే ముందు బిడ్డకు ఏం చెప్తున్నామో అది చాలా ముఖ్యం. ‘ఏడిస్తే సూది వేస్తారు’ అని బెదిరించడం మన ఇళ్లలో అలవాటైపోయింది. దయచేసి అనకండి. ‘ఏమీ కాదు, నొప్పి ఉండదు’ అని మాట కూడా ఇవ్వకండి, ఉంటే మనల్ని నమ్మడం మానేస్తారు. ‘డాక్టర్ ఆంటీ నీ పళ్లు లెక్కపెడుతుంది, ఫోటో తీస్తుంది’ అంటే సరిపోతుంది. మా అమ్మాయిని నా ఒళ్లోనే కూర్చోబెట్టుకుని చూశారు, ఎక్స్‌రేకి కూడా నేనే పట్టుకున్నాను. పంటికి తీసే ఎక్స్‌రేలో రేడియేషన్ చాలా తక్కువ, ఆ టెన్షన్ పెట్టుకోవద్దు.

చేసే పని విరుగును బట్టి ఉంటుంది. ఎనామిల్ మాత్రమే పోతే పదునైన అంచును నున్నగా అరగదీస్తారు, సూది అక్కర్లేదు. డెంటిన్ బయటపడితే పంటి రంగు సిమెంటుతో కప్పుతారు. ఆ కప్పడం అందం కోసం కాదు, చల్లదనం తగలకుండా, క్రిములు లోపలికి పోకుండా. నరం బయటపడితే దాని పైభాగం తీసి మందు వేసే పల్పాటమీ అనే చికిత్స చేసి క్యాప్ వేస్తారు, బిడ్డ సహకరించే వయసు కాకపోయినా, పన్ను నిలిచేలా లేకపోయినా తీసేయడమే మంచిదంటారు. ముందు పాలపన్ను ఒకటి తీసేస్తే మాటలు రావని, మిగతా పళ్లు వంకర పోతాయని భయపడతాం. చాలామంది పిల్లలు కొన్ని వారాల్లోనే అలవాటు పడిపోతారు. ముందు పళ్ల ఖాళీ వెనక పళ్ల ఖాళీ అంత ఇబ్బంది పెట్టదు.

లేచి వచ్చేముందు అడగాల్సిన ఒక్క ప్రశ్న: ‘మళ్లీ ఎప్పుడు తీసుకురావాలి?’ తేదీ కాగితం మీద రాయించుకోండి.

మొదటి రెండు వారాలు

మెత్తటి తిండి, 10 నుంచి 14 రోజులు. ఆ విషయంలో మనకు లోటేమీ లేదు. రాగి సంగటి, పప్పు, పెరుగన్నం, ఇడ్లీ, పొంగల్, అన్నీ గోరువెచ్చగా పెట్టండి. మురుకులు, చెక్కలు, చెరకు, వేరుశనగ ఉండలు, టెంకతో చీకే మామిడి వద్దు. యాపిల్, క్యారెట్ లాంటివి ముక్కలు కోసి వెనక పళ్లతో నమలమనండి. లడ్డూ ప్రసాదం పెట్టొచ్చు, కానీ చిదిపి, అందులోని కలకండ పలుకులు, జీడిపప్పు ఏరి పెట్టండి.

బ్రష్ ఆపేయకండి. అదే అందరూ చేసే పొరపాటు. దెబ్బ తగిలిన చోట మురికి చేరితే చిగురు మానదు, చీము పడుతుంది. మెత్తటి బ్రష్‌తో, మొదటి రెండు మూడు రోజులు అయితే తడిపిన దూదితో, ప్రతి తిండి తర్వాత మెల్లగా శుభ్రం చేయండి. మూడేళ్ల లోపు బిడ్డకు ఫ్లోరైడ్ పేస్ట్ బియ్యపు గింజంత, ఆ తర్వాత శనగ గింజంత చాలు. క్రిములను చంపే క్లోర్‌హెక్సిడిన్ ద్రవాన్ని దూదితో అద్దమని డాక్టర్ చెబితే చెప్పినన్ని రోజులే వాడండి. పాలపీక, పాలసీసా ఉంటే ఈ రెండు వారాలైనా ఆపితే మంచిది, అవి ముందు పళ్ల మీదే ఒత్తుతాయి. తల్లిపాలు తాగే బిడ్డకు పాలు మాన్పించక్కర్లేదు.

తర్వాతి ఏడాది: నేను తప్పు చేసింది ఇక్కడే

మా అమ్మాయికి పసుపు పొర దాకా విరిగింది. సిమెంటు వేసి, ఆరు నుంచి ఎనిమిది వారాల్లో ఒకసారి చూపించమన్నారు. బిడ్డ హాయిగా తింటోంది, ఆడుకుంటోంది. మధ్యలో పండగ, తర్వాత చుట్టాల పెళ్లి. వెళ్లలేదు. మూడో నెలకు పన్ను బూడిద రంగుకు తిరిగింది. ‘పాలపన్నే కదా’ అని నేనే అనుకున్నాను. ఏడో నెలలో ఒక రాత్రి స్నానం చేయిస్తూ పెదవి ఎత్తి చూస్తే, ఆ పంటి పైన చిగురు మీద ఆవగింజంత తెల్లటి పొక్కు ఉంది. నొప్పి లేదు, జ్వరం లేదు. అది వేరు చివర పట్టిన చీము బయటికి దారి చేసుకున్న పొక్కు.

రంగు మారడం ఒక్కటే ఉంటే కంగారు పడాల్సింది లేదు. దెబ్బ తగిలిన పాలపన్ను బూడిద రంగుకో, పసుపుకో తిరగడం చాలా మామూలు, వాటిలో చాలావాటికి ఏ చికిత్సా అవసరం పడదు, సమయానికి వాటంతట అవే ఊడతాయి. నేను చూడకుండా వదిలేసింది చిగురును. నెలకోసారి, స్నానం చేయించేటప్పుడు, పెదవి పైకెత్తి పంటి వేరు ఉండే చోట చూడండి. పొక్కు, వాపు, ఎర్రదనం ఉన్నాయా? పన్ను ముందుకంటే ఎక్కువ కదులుతోందా? ఆ పన్నుతో కొరకడానికి తప్పించుకుంటోందా? రాత్రి నిద్రలో లేచి మూతి పట్టుకుంటోందా? వీటిలో ఏది ఉన్నా ఆ వారమే డాక్టర్ దగ్గరికి. పొక్కు చితికి మాయమైపోతే ‘తగ్గిపోయింది’ అనుకోకండి, లోపల చీము అలాగే ఉంటుంది, మళ్లీ వస్తుంది. ముఖం వాచినా, జ్వరం వచ్చినా అదే రోజు.

మా అమ్మాయి పన్ను తీసేయాల్సి వచ్చింది. ఆరు వారాలప్పుడు తీసుకెళ్లి ఉంటే నిలిచేదా అని డాక్టర్‌ను అడిగాను. చెప్పలేం అన్నారు, కానీ చీము అన్ని నెలలు ఉండేది కాదన్నారు.

మళ్లీ పడకుండా

నడక నేర్చే వయసులో పడటం ఆపలేం. కానీ మా ఇంట్లో రెండు మూడు మార్చాం. కల్లాపి చల్లాక మెట్టు మీద పాత గోనెపట్టా వేస్తాం. స్టీలు గ్లాసు, చెంచా, బ్రష్ నోట్లో పెట్టుకుని నడవనివ్వం. అలిపిరి దారిలో 3,550 మెట్లు ఉన్నాయి, ఉత్సాహంగా మొదలుపెట్టిన పిల్లలు సగంలో కాళ్లు తడబడతారు, దిగేటప్పుడు మరీ. అలసట కనిపించగానే ఎత్తుకోండి, వానలో తడిసిన మెట్ల మీద చేయి వదలొద్దు.

స్కూటర్ ముందు బిడ్డను నిలబెట్టుకుని పోవడం మన రోడ్ల మీద ఎంత మామూలో, సడన్ బ్రేక్‌కు మూతి హ్యాండిల్‌కు కొట్టుకోవడం కూడా అంతే మామూలు. 9 నెలల నుంచి 4 ఏళ్ల పిల్లలను బండి మీద తీసుకెళ్తే బిడ్డను నడిపేవారికి కలిపి కట్టే బెల్టు, బిడ్డకు సరిపోయే హెల్మెట్ ఉండాలని, 40 కిలోమీటర్ల వేగం దాటకూడదని 2023 ఫిబ్రవరి నుంచి నిబంధన ఉంది. పడకుండానే, ఇడ్లీ తింటుంటేనే పన్ను ముక్క రాలిందంటే అది వేరే సంగతి: పన్ను పుచ్చిందో, ఎనామిల్ బలహీనంగా ఉందో చూపించాలి. రాత్రి పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పిల్లల్లో ముందు పళ్లు అలా పొడిపొడిగా రాలడం ఎక్కువ.

కొత్త పన్ను వచ్చేటప్పుడు

పాలపంటికి గట్టి దెబ్బ తగిలిన పిల్లలకు, 7 ఏళ్ల ప్రాంతంలో శాశ్వత పన్ను వచ్చేటప్పుడు ఒకసారి ఎదురుచూసి చూడాలి. దాని మీద తెల్లటి లేదా పసుపు మచ్చ రావొచ్చు, చిన్న గుంట ఉండొచ్చు, అరుదుగా ఆలస్యంగానో వంకరగానో రావొచ్చు. ఒకవైపు పన్ను వచ్చి ఆరు నెలలైనా రెండోవైపుది రాకపోతే ఎక్స్‌రే తీయించండి. పాలపన్ను ఎప్పుడు, ఎలా విరిగిందో అప్పటికి మనం మర్చిపోయి ఉంటాం, అందుకే ఆ రోజు తేదీ, ఫోటో, ఎక్స్‌రే ఒక కవర్లో పెట్టి టీకా కార్డుతో పాటు ఉంచండి.

మా అమ్మాయికి ఏడేళ్ల మూడు నెలలకు ఆ పన్ను వచ్చింది. అంచు దగ్గర జొన్నగింజంత తెల్లమచ్చ ఉంది. గట్టిగానే ఉంది, పుచ్చకుండా ఆరు నెలలకోసారి చూపిస్తే చాలన్నారు. తర్వాత చూపించాల్సిన తేదీ డిసెంబర్‌లో ఉంది, క్యాలెండర్ మీద ఎర్రసిరాతో రాసి పెట్టాను.